ఆఫీసుకు ఏ ఆన్‌లైన్ పీపీటీ సాఫ్ట్‌వేర్? ఒకే పరీక్ష ఫైలుతో తేల్చుకునే పద్ధతి

గూగుల్ స్లైడ్స్, పవర్‌పాయింట్ వెబ్, కాన్వా, జోహో షో. ఆఫీసు పనికి ఎక్కువగా పోటీపడేవి ఈ నాలుగే. స్లైడు తయారు చేయడం వరకు నాలుగూ బాగానే పనిచేస్తాయి. తేడా బయటపడేది ఫైలు చేతులు మారినప్పుడు. క్లయింటు కంప్యూటర్లో తెరిస్తే తెలుగు అక్షరాలు చెదిరిపోవడం, పంపిన లింకు పక్కవాళ్లకు తెరుచుకోకపోవడం, హాల్లో వైఫై పోగానే వీడియో ఆగిపోవడం, ఉద్యోగం మానేసిన మనిషితో పాటే ఫైళ్లూ పోవడం... ఇవేవీ ఫీచర్ల పట్టికల్లో కనిపించవు. అందుకే పట్టికలు పక్కన పెట్టి, మీ ఆఫీసు పనిని పోలిన ఒక్క ఫైలు తయారుచేసి దాన్నే నాలుగింటిలోనూ నడిపి చూడండి. ఇద్దరు మనుషులు రెండు రోజులు కూర్చుంటే తేలిపోయే పని ఇది.

మొదటి అడుగు: మీ పీపీటీలు ఎటు వెళ్తున్నాయో చూడండి

గత మూడు నెలల్లో ఆఫీసులో తయారైన పీపీటీలన్నీ ఒకచోట చేర్చండి. ఎవరు చేశారు, ఎక్కడ చూపించారు, చివరికి ఏ రూపంలో బయటికి వెళ్లింది, ఏ భాషలో ఉంది అన్న నాలుగు విషయాలు ఒక్కోదాని పక్కన రాయండి. అందరూ వదిలేసేది మూడోది, అసలు నిర్ణయం జరిగేది అక్కడే. సగానికి పైగా పీపీటీఎక్స్ (పవర్‌పాయింట్ సొంత రూపం) ఫైలుగానే బయటికి వెళ్తుంటే, అవతలివాళ్లు దాన్ని తెరిచి మార్చుకుంటుంటే, పవర్‌పాయింట్ ముందుంటుంది. అంతా లింకుల మీదే నడిచే ఆఫీసులో గూగుల్ స్లైడ్స్ హాయి. చివరికి వెళ్లేది పీడీఎఫ్ లేదా వీడియో అయితే కాన్వాకి పెద్ద అడ్డంకి ఉండదు.

ప్రభుత్వ శాఖలతో పనిచేసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్లు, ప్రజెంటేషన్ల పని జోహోకి మార్చుకుంటున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. మీరు పంపే ఫైలు అవతల జోహో షోలో తెరుచుకునే అవకాశం పెరిగింది. మీరు జోహో కొనకపోయినా, పంపబోయే ఫైలు అందులో ఎలా కనిపిస్తుందో చూసుకోవాలి.

రెండో అడుగు: పన్నెండు స్లైడ్ల పరీక్ష ఫైలు

దీన్ని డెస్క్‌టాప్ పవర్‌పాయింట్‌లో చేయండి, ఎందుకంటే ఆఫీసుల్లో ఉన్న పాత సరుకంతా ఆ రూపంలోనే ఉంటుంది. పూర్తయ్యాక ఒక పీడీఎఫ్ కాపీ కూడా తీసి పెట్టండి. అసలు ఎలా ఉండాలో చెప్పే సాక్ష్యం అదే.

1. శీర్షిక స్లైడు: వెనక రంగు లేని లోగో, రెండు వరుసల తెలుగు శీర్షిక. «రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ వార్షిక సమీక్ష» లాంటి వత్తులున్న మాటలు.
2. తెలుగు, ఇంగ్లీషు కలిసిన పాఠం, రెండు స్థాయిల బుల్లెట్లు. అందులో «సాఫ్ట్‌వేర్» అన్న మాట తప్పకుండా ఉండాలి. కారణం నాలుగో అడుగులో.
3. ఆరు నిలువు వరుసలు, పది అడ్డు వరుసల టేబుల్. రూపాయి గుర్తు, 12,34,567 తరహా అంకెలు.
4. ఎక్సెల్ నుంచి తెచ్చిన బార్ చార్టు.
5. స్మార్ట్‌ఆర్ట్‌తో చేసిన ఫ్లోచార్టు (స్మార్ట్‌ఆర్ట్ అంటే పవర్‌పాయింట్‌లో ముందే ఉండే రేఖాచిత్రాలు).
6. అంచులు క్రాప్ చేసిన ఫొటో.
7. అర నిమిషం సొంత వీడియో, శబ్దంతో.
8. ఒక్కొక్కటిగా వచ్చే బుల్లెట్లు, తర్వాతి స్లైడుకి మార్ఫ్ ట్రాన్సిషన్ (ఒక స్లైడులోని బొమ్మ, మాట తర్వాతి స్లైడులోని చోటుకి జారినట్టు కదలడం).
9. వేరే స్లైడుకి ఒక లింకు, వెబ్‌సైటుకి ఒక లింకు.
10. దాచిన స్లైడు.
11. పేజీ నిండా స్పీకర్ నోట్స్.
12. పేజీ నంబరు, ఫుటర్ ఉన్న చివరి స్లైడు.

మూడో అడుగు: ఎక్కించి చూడడం

ఫైలును నాలుగింటిలోకీ ఎక్కించి, ఒక్కో స్లైడునీ పీడీఎఫ్ పక్కన పెట్టి చూడండి. దోషం కనిపిస్తే మార్కులు వేయకండి, రెండే గుర్తులు పెట్టండి: «సర్దుకోవచ్చు», «కుదరదు». సగటు మార్కులు తీస్తే ఒక పెద్ద లోపం పది చిన్న సుఖాల వెనక దాక్కుంటుంది.

గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించిన పీపీటీఎక్స్‌ను రెండు రకాలుగా తెరవొచ్చు. నేరుగా తెరిస్తే ఫైలు పేరు పక్కన పీపీటీఎక్స్ అన్న చిన్న గుర్తు ఉంటుంది, ఫైలు పాత రూపంలోనే సేవ్ అవుతుంది. ఫైల్ మెనూలో «సేవ్ యాజ్ గూగుల్ స్లైడ్స్» నొక్కితే వేరే కాపీ తయారవుతుంది. ఇక్కడి నుంచే రెండు కాపీల గందరగోళం మొదలవుతుంది: ఒకరు పాతదాంట్లో, ఇంకొకరు కొత్తదాంట్లో దిద్దుతుంటారు. మార్చాలనుకుంటే మార్చి, పాతదాన్ని వెంటనే వేరే ఫోల్డర్‌కి పంపేయండి. మార్చిన ఫైలు 100 ఎంబీ దాటకూడదు. వీడియోలు పొదిగిన పీపీటీలు ఇక్కడే ఆగిపోతాయి. వీడియోను విడిగా డ్రైవ్‌లో పెట్టి స్లైడులోకి తెచ్చుకోవాలి, ఆ వీడియో ఫైలుకీ చూసేవాళ్లకు అనుమతి ఇవ్వాలి. స్లైడ్లు కనిపిస్తూ వీడియో చోట మాత్రం నల్ల డబ్బా కనిపిస్తే, మొదట చూడాల్సింది ఆ అనుమతే.

గూగుల్ స్లైడ్స్‌లో మార్ఫ్ లేదు. ఎక్సెల్ చార్టు కనిపిస్తుంది కానీ దాని అంకెలు అక్కడే మార్చలేరు. నెలనెలా అంకెలు మారే రిపోర్టయితే గూగుల్ షీట్స్‌లో చార్టు గీసి, లింకుతో స్లైడులోకి తెచ్చుకోండి. షీటు మారినప్పుడు చార్టు మూల «అప్‌డేట్» బటన్ వస్తుంది. అది దానంతట అది మారదు, నొక్కాలి. మీటింగుకి ముందు నొక్కడం మర్చిపోతే పోయిన నెల అంకెలే తెరమీదికి వస్తాయి.

చాలామందికి అర్థంకాని చిక్కు స్లైడు కొలతలో ఉంది. గూగుల్‌లో కొత్తగా తెరిచిన స్లైడు 10 అంగుళాల వెడల్పు, 5.625 అంగుళాల ఎత్తు. పవర్‌పాయింట్‌ది 13.333 అంగుళాలు, 7.5 అంగుళాలు. ఆకారం ఒకటే, కొలత వేరు. గూగుల్‌లో 18 పాయింట్ల అక్షరం తెరమీద ఎంత కనిపిస్తుందో పవర్‌పాయింట్‌లో అంత కనిపించాలంటే 24 పెట్టాలి. «24 పాయింట్లకు తగ్గకూడదు» అని ఆఫీసు నియమం పెట్టుకుంటే అది ఏ సాఫ్ట్‌వేర్ లెక్కో కూడా రాయండి. ఒకదాని నుంచి ఇంకోదానికి స్లైడ్లు తరచూ కాపీ చేసేవాళ్లు గూగుల్‌లో పేజ్ సెటప్‌కి వెళ్లి కస్టమ్ కొలతగా 13.333, 7.5 పెట్టేసుకుంటే ఈ తలనొప్పి పోతుంది. టెంప్లేటు మొదలుపెట్టేటప్పుడే పెట్టాలి, మధ్యలో మారిస్తే అమరిక చెదురుతుంది.

కాన్వా పీపీటీఎక్స్‌ను తీసుకుని తన సొంత డిజైన్‌గా మార్చేసుకుంటుంది. అందుకే టేబుల్, చార్టు, స్మార్ట్‌ఆర్ట్ స్లైడ్లను ఒక్కొక్కటీ నొక్కి, ఇంకా మార్చుకోవడానికి వీలుందా లేక బొమ్మగా మిగిలిందా చూడండి. తర్వాత కాన్వా నుంచి తిరిగి పీపీటీఎక్స్‌గా డౌన్‌లోడ్ చేసి పవర్‌పాయింట్‌లో తెరవండి. పోను, రాను రెండు దారుల్లోనూ నష్టం ఎంతో తెలిసేది ఈ పరీక్షతోనే. జోహో షోకి కూడా ఇదే పద్ధతి.

అంకెల కామాలు కూడా చూడండి. ఎక్సెల్‌లో కామా ఎక్కడ పడాలన్నది ఆ కంప్యూటర్ రీజియన్ సెట్టింగును బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో 12,34,567గా ఉన్నది డల్లాస్‌లోని క్లయింటు దగ్గర 1,234,567గా మారొచ్చు. బయటి దేశాలకు వెళ్లే స్లైడ్లలో «1.23 మిలియన్లు» అని అక్షరాల్లో రాసేస్తే ఏ గొడవా ఉండదు.

నాలుగో అడుగు: తెలుగు

మన ఆఫీసుల్లో ఎక్కువ నిర్ణయాలు బోల్తాపడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

ముందు పాత సరుకు సంగతి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు. దాన్ని ఆన్‌లైన్ టూల్‌లో పేస్ట్ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఏ ఫాంటు మార్చినా బాగుపడదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మొత్తం చదివి దిద్దాలి. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు, అంకెలు, అరుదైన వత్తులు ఎక్కువగా దెబ్బతినేవి.

తర్వాత ఫాంటు. గూగుల్ స్లైడ్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, మల్లన్న, గిడుగు లాంటివి దొరుకుతాయి. స్లైడు అక్కడే చూపిస్తే ఏదైనా సరే. పీపీటీఎక్స్‌గా డౌన్‌లోడ్ చేశారంటే మాత్రం అవతల అదే ఫాంటు కనిపిస్తుందన్న హామీ లేదు. అవతలి విండోస్ కంప్యూటర్లో మండలి లేకపోతే నిర్మలా యూఐ లాంటిది దాని చోటు తీసుకోవచ్చు. అలా జరిగితే అక్షరాల వెడల్పు మారి, రెండు వరుసల శీర్షిక మూడు వరుసలై లోగో మీదికి ఎక్కుతుంది. దీనికి మూడు మందులున్నాయి. మార్చాల్సిన అవసరం లేని ఫైలయితే పీడీఎఫ్ పంపండి. మార్చాల్సిందయితే విండోస్‌లో ముందే ఉండే నిర్మలా యూఐతో పవర్‌పాయింట్‌లోనే చేయండి. సొంత ఫాంటే కావాలంటే డెస్క్‌టాప్ పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి «ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్» టిక్ చేసి సేవ్ చేయండి. గౌతమి, వాణి మీద ఆధారపడకండి. విండోస్ 10 నుంచి అవి విడిగా ఎక్కించుకోవాల్సిన ఫాంట్లు. కొన్ని కంప్యూటర్లలో ఉంటాయి, కొన్నింటిలో ఉండవు.

బోల్డ్ విషయం చూడండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఒకే మందంలో వస్తాయి. బి బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని బలవంతంగా లావు చేస్తుంది, వత్తుల మధ్య సందులు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగులో చాలా మందాలున్నాయి, బోల్డ్ నిజంగా బోల్డ్‌గానే వస్తుంది. ఆఫీసు టెంప్లేటుకి అదే మేలు.

వరుసల మధ్య ఎడం 1.15 నుంచి 1.3 వరకు పెట్టండి. ఇంగ్లీషు టెంప్లేట్లలో శీర్షికలకు 0.9 ఉండడం మామూలే. దాంతో పై వరుసలోని «స్త్రీ» కింది వత్తులు వచ్చి కింది వరుసలోని గుడి మీద కూర్చుంటాయి. అక్షరాల మధ్య ఎడం సున్నాలోనే ఉంచండి. అక్షరం అక్షరంగా ఎగిరొచ్చే యానిమేషన్లు, వంపు తిప్పే ఎఫెక్టులు తెలుగు మాటలకు పెట్టకండి. వత్తు అసలు అక్షరం నుంచి విడిపోయే ప్రమాదముంది.

ఇప్పుడు «సాఫ్ట్‌వేర్». ఇందులో «ట్» తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది ఉంటేనే పొల్లు విడిగా నిలుస్తుంది. ఎక్కించడంలోనో దింపడంలోనో అది రాలిపోతే మాట «సాఫ్ట్వేర్» అయిపోతుంది, లేదా ఆ చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఒక్క మాటలో ఇలా జరిగిందంటే ఫైలంతా జరిగినట్టే.

చివరగా ప్రతి టూల్ నుంచీ పీడీఎఫ్ తీసి, కంట్రోల్ ఎఫ్ నొక్కి ఒక తెలుగు మాట వెతకండి. కంటికి బాగానే కనిపిస్తూ వెతికితే దొరకని పీడీఎఫ్‌లు చాలా ఉంటాయి. రికార్డుల కోసం దాచిపెట్టే ఆఫీసుకి ఇది «కుదరదు» అన్న గుర్తే.

ఐదో అడుగు: ముగ్గురూ కలిసి

ఈ ఒక్క అడుగుకు మూడో మనిషిని పిలుచుకుని, ముగ్గురూ ఒకే ఫైలు తెరవండి, ఒకరు మొబైల్ హాట్‌స్పాట్ మీద ఉండాలి. ఇద్దరు ఒకే స్లైడులో ఒకే టేబుల్ దిద్దండి. హాట్‌స్పాట్ మనిషి రెండు నిమిషాలు నెట్ ఆపి, ఏదో మార్చి, మళ్లీ కలవాలి. ఎవరి మార్పు నిలిచింది? తర్వాత ఒక స్లైడు చెరిపేసి వెర్షన్ హిస్టరీ నుంచి తిరిగి తెండి. ఒక్క స్లైడు కోసం ఫైలంతా వెనక్కి తిప్పకండి, ఆ తర్వాత చేసిన పనంతా వెనక్కి పోతుంది. పాత వెర్షన్‌ను కాపీగా తెరిచి అందులోంచి స్లైడు తెచ్చుకోండి. కామెంటులో ఒకరికి పని అప్పగించి, వాళ్లకు మెయిల్ వెళ్లిందో లేదో చూస్తే ఈ అడుగు పూర్తయినట్టే.

ఆరో అడుగు: తెలియకుండా బయటికి పోయేవి

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఎక్సెల్ చార్టు. పవర్‌పాయింట్‌లోకి చార్టు పేస్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ అన్న ఆప్షన్ ఎంచుకుంటే వర్క్‌బుక్ మొత్తం ఫైలులోకి వచ్చేస్తుంది. చార్టు ఒక షీటుది, పక్క షీటులో జీతాల పట్టిక ఉంటే అది కూడా క్లయింటుకి వెళ్తుంది. చార్టు మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కితే తెలిసిపోతుంది. బయటికి వెళ్లే ఫైలులో పేస్ట్ ఆప్షన్లలోని పిక్చర్ ఎంచుకోండి.

క్రాప్ చేసిన ఫొటో రెండోది. దాచిన భాగం పోలేదు, ఫైలులోనే ఉంది. పవర్‌పాయింట్‌లో కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి క్రాప్ చేసిన భాగాలు తీసేయమని టిక్ చేయాలి. గూగుల్ స్లైడ్స్‌లో రీసెట్ ఇమేజ్ నొక్కితే అసలు ఫొటో తిరిగొస్తుంది కాబట్టి, ఆధార్ నంబర్ల లాంటివి ఉన్న స్క్రీన్‌షాట్లను బయటే కోసి పెట్టండి. దాచిన స్లైడ్లు, స్పీకర్ నోట్స్ కూడా ఫైలుతో పాటే వెళ్తాయి. డెస్క్‌టాప్ పవర్‌పాయింట్‌లో ఫైల్, ఇన్ఫోలో ఉన్న ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ స్పీకర్ నోట్స్ లాంటివి వెతికి పెడుతుంది, దాచిన స్లైడ్లను మాత్రం మీరే చూసి తీసేయండి.

లింకుల విషయంలో గుర్తుంచుకోవాల్సింది, ఎడిటర్ అనుమతి ఉన్నవాళ్లకు వెర్షన్ హిస్టరీ కనిపిస్తుంది. నిన్న తీసేసిన ధరల స్లైడు వాళ్లు చూడగలరు. క్లయింటుకి ఎడిట్ అనుమతి ఇవ్వాల్సి వస్తే కొత్త కాపీ చేసి ఇవ్వండి, కాపీకి పాత చరిత్ర రాదు. గూగుల్‌లో «షేర్» వేరు, «పబ్లిష్ టు వెబ్» వేరు. రెండోది నొక్కితే లింకు దొరికిన ఎవరికైనా లాగిన్ లేకుండా తెరుచుకుంటుంది. ఏ టూల్ అయినా సరే, పంపేముందు లింకును ఇన్‌కాగ్నిటో విండోలో పెట్టి చూడండి. అవతలివాళ్లకు ఏం కనిపిస్తుందో మీకూ అదే కనిపిస్తుంది.

ఏడో అడుగు: మీటింగ్ హాలు

ఫైలు తెరిచి వైఫై ఆపేయండి. గూగుల్ స్లైడ్స్ ఆఫ్‌లైన్‌లో నడవాలంటే ముందే, నెట్ ఉన్నప్పుడే, క్రోమ్ లేదా ఎడ్జ్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేసి ఆ ఫైలుకు «అవైలబుల్ ఆఫ్‌లైన్» పెట్టి ఉండాలి. వేరే ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయితే ఆ ఏర్పాటు అక్కడ ఉండదు. యూట్యూబ్ వీడియో ఎలాగూ నడవదు. ఏ టూల్ వాడినా పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్, వీడియో ఫైలు విడివిడిగా ఉండాలి.

పాత ప్రొజెక్టర్లు 1024 అడ్డం, 768 నిలువు చుక్కలవి. వాటిమీద వెడల్పు స్లైడు 576 చుక్కల ఎత్తే ఆక్రమిస్తుంది, మిగతాది నల్ల పట్టీ. అక్షరాలూ ఆ మేరకు చిన్నబోతాయి. ప్రెజెంటర్ వ్యూ రెండో విండోగా తెరుచుకునే టూల్స్‌లో బ్రౌజర్ పాప్అప్‌లు ఆపేస్తే నోట్స్ కనిపించవు. హాలు కంప్యూటర్లో ముందే అనుమతించండి. ఆన్‌లైన్ మీటింగుల్లో వీడియో శబ్దం వెళ్లాలంటే మీట్‌లో ట్యాబును షేర్ చేయడం మేలు, టీమ్స్‌లో, జూమ్‌లో సౌండ్ షేర్ చేసే ఆప్షన్ ఆన్ చేయాలి.

ఎనిమిదో అడుగు: డబ్బు, యాజమాన్యం

చూసేవాళ్లను లెక్కలో వేయకండి, తయారుచేసేవాళ్లకే లైసెన్సు కావాలి. నలభై మంది ఆఫీసులో నిజంగా స్లైడ్లు చేసేది పదిమందే కావచ్చు. ధరకు 18 శాతం జీఎస్టీ కలిపి చూసుకోండి, బిల్లింగులో జీఎస్టీ నంబరు ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే వీలుంటుంది. సంవత్సరం ఒప్పందం చవకే, కానీ మధ్యలో సీట్లు తగ్గించుకునే వీలుందా అని ముందు చదవండి.

యాజమాన్యం అంతకంటే ముఖ్యం. గూగుల్‌లో మై డ్రైవ్ ఫైలు ఆ ఉద్యోగిది. ఖాతా తొలగిస్తే 20 రోజుల్లోపు అడ్మిన్ తిరిగి తేవాలి, లేదా తొలగించేముందే ఫైళ్లు వేరొకరికి బదిలీ చేయాలి. వన్‌డ్రైవ్‌లో మామూలు గడువు 30 రోజులు. ఆఫీసు ఫైళ్లు సంస్థ పేరు మీదే ఉండే షేర్డ్ డ్రైవ్‌లో లేదా షేర్‌పాయింట్‌లో పెట్టండి. అన్ని ప్లాన్లలో షేర్డ్ డ్రైవ్ ఉండదు, చూసి కొనండి. కాన్వా విషయంలో ఎక్కువగా జరిగేది, డిజైన్ చేసేవాళ్లు సొంత జీమెయిల్‌తో మొదలుపెట్టడం. అది ఆఫీసు చేతిలో ఉండదు. మొదటి రోజే ఆఫీసు మెయిల్‌తో టీమ్ తెరవండి.

ఎవరికి ఏది

మైక్రోసాఫ్ట్ 365కి ఇప్పటికే డబ్బు కడుతున్న ఆఫీసు పవర్‌పాయింట్‌ను వదలాల్సిన పని లేదు. వెబ్‌లో కలిసి దిద్దుకుని, మాస్టర్ స్లైడ్లు (అన్ని స్లైడ్లకూ మూలమైన నమూనా), ఫాంటు ఎంబెడ్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ లాంటి పనులు డెస్క్‌టాప్‌లో చేసుకోండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా షీట్స్ అంకెలతో వారంవారం రిపోర్టులిచ్చేవాళ్లకు, గూగుల్ స్లైడ్స్ సరిపోతుంది. ఒకరిద్దరి దగ్గర డెస్క్‌టాప్ పవర్‌పాయింట్ ఉంచుకుంటే చాలు. జోహో మెయిల్, వర్క్‌డ్రైవ్ వాడుతున్న చిన్న సంస్థలు జోహో షోను తప్పకుండా పరీక్షించాలి. ఫోన్ నుంచి స్లైడ్లు నడపడం, ఆండ్రాయిడ్ టీవీ మీద చూపడం దానికి చేతనవును. కాన్వా మార్కెటింగ్ వాళ్ల పనిముట్టు. ఆఫీసు మొత్తానికి అదొక్కటే పెడితే టేబుళ్లు, లెక్కల దగ్గర ఇబ్బంది పడతారు. జూమ్ అవుతూ కదిలే ప్రెజీ ఒక పెద్ద సభలో కథ చెప్పడానికి బాగుంటుంది, నెలవారీ సమీక్షకు తగదు.

ఏఐతో స్లైడ్లు చేసే సౌకర్యాన్ని బట్టి ఎంపిక చేయకండి. అది వేగంగా మారిపోతోంది. వాడితే మాత్రం అది రాసిన తెలుగును, అంకెలను మనిషి చదివి దిద్దాలి, క్లయింటు రహస్యాలు అందులో పేస్ట్ చేయకూడదు.

ఎంచుకున్నాక వెంటనే చేయాల్సింది టెంప్లేటు. శీర్షిక, మామూలు పాఠం, టేబుల్, చార్టు, ఫొటో, ముగింపు అన్న ఆరు లేఅవుట్లు చాలు. లోగో, ఫుటర్, పేజీ నంబరు మాస్టర్‌లోనే ఉండాలి, స్లైడు మీద కాదు. తెలుగు శీర్షిక డబ్బాను ఇంగ్లీషు దానికంటే ఎత్తుగా ఉంచండి, ఫాంటు పేరు, పాయింట్ల లెక్క టెంప్లేటు మొదటి స్లైడు నోట్స్‌లో రాయండి. పరీక్ష ఫైలును కూడా పారేయకుండా ఆ టెంప్లేటు పక్కనే దాచండి. ప్లాన్ మార్చినప్పుడు, కొత్త క్లయింటు కొత్త సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు అదే ఫైలు మళ్లీ నడపొచ్చు.